టికెట్ సర్వర్‌కే కాపలా: జీఎల్‌పీఐ మీద జాబిక్స్ ఏజెంట్ పెట్టడం ఎలా

కంపెనీలో ఏ సర్వర్ పడిపోయినా ముందు ఒక టికెట్ (ఫిర్యాదు నమోదు) పడుతుంది. మరి టికెట్లు పెట్టే సర్వరే పడిపోతే? పూర్తిగా పడిపోతే నయమే, పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. సగం పడిపోతేనే చిక్కు. లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, పాత టికెట్లు కనిపిస్తాయి, సీపీయూ ఏ హడావుడీ లేకుండా ఉంటుంది. మెయిల్స్‌ని టికెట్లుగా మార్చే పని మాత్రం తెల్లవారుజామునే ఆగిపోయి ఉంటుంది. హెల్ప్‌డెస్క్ వాళ్లేమో "ఇవాళ టికెట్లు తక్కువ వచ్చాయే" అని టీ తాగుతుంటారు.

అందుకే ఐటీఎస్ఎమ్ (ఐటీ సేవల నిర్వహణ) సర్వర్, అంటే ఈ టికెట్ సర్వర్ మీద మానిటరింగ్ ఏజెంట్ (సర్వర్ లోపల కూర్చుని దాని స్థితి చెప్పే చిన్న ప్రోగ్రామ్) పెట్టడమంటే సీపీయూ, ర్యామ్ గ్రాఫులు తెప్పించుకుని ఊరుకోవడం కాదు. టికెట్ టూల్ లోపల ఏ పనులు నడుస్తున్నాయో, ఏవి ఆగాయో ఏజెంట్ చేత అడిగించాలి. ఇక్కడ ఉదాహరణగా జీఎల్‌పీఐ 10 అనే టికెట్ టూల్ తీసుకుంటున్నాను. అది ఉబుంటు మీద అపాచీ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ ఎఫ్‌పీఎమ్ (పీహెచ్‌పీ పేజీలను నడిపేది), మరియాడీబీ (డేటాబేస్)లతో నడుస్తోందని అనుకుందాం. దాన్ని కనిపెట్టుకునే మానిటరింగ్ టూల్ జాబిక్స్ 7.0, సర్వర్ మీద పెట్టేది జాబిక్స్ ఏజెంట్ 2. మీ దగ్గర వేరే టూల్ ఉన్నా ఆలోచన ఇదే, పేర్లు మారతాయంతే. కమాండ్లు, ఫైళ్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మీ స్క్రీన్ మీద కనిపించే స్పెల్లింగే వాడండి.

ఒక విషయం ముందే చెప్పాలి. జీఎల్‌పీఐకి తనదంటూ "జీఎల్‌పీఐ ఏజెంట్" అని ఒకటి ఉంది. అది మెషీన్‌లో ఏ హార్డ్‌వేర్ ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ ఉంది అని లెక్క రాసుకుని పంపే ఇన్వెంటరీ ఏజెంట్. సర్వర్ ఆరోగ్యం చూడటం దాని పని కాదు. "ఏజెంట్ ఆల్రెడీ ఉంది కదా, మళ్లీ ఎందుకు?" అని మీటింగ్‌లో ఎవరైనా అడిగితే ఈ తేడా చెప్పండి.

ముందు తెలుసుకోవాల్సినవి

చేంజ్ రిక్వెస్ట్ (సర్వర్‌లో మార్పుకు అనుమతి కోరడం) పెట్టే ముందు నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి. జాబిక్స్ సర్వర్ ఐపీ ఏమిటి, మధ్యలో జాబిక్స్ ప్రాక్సీ (సర్వర్ తరఫున లెక్కలు సేకరించే మెషీన్) ఉందా? డేటాబేస్ అదే మెషీన్ మీద ఉందా, వేరే చోటా? జీఎల్‌పీఐ లాగ్ ఫైళ్లు ఏ డైరెక్టరీలోకి పోతున్నాయి? రాత్రి రెండు గంటలకు అలర్ట్ వస్తే ఫోన్ ఎవరికి మోగాలి? చాలా చోట్ల చివరి ప్రశ్నకే జవాబు ఉండదు. అది తేలకుండా ఏజెంట్ పెడితే గ్రాఫులు వస్తాయి గానీ కాపలా ఉండదు.

పాసివ్, యాక్టివ్: రెండూ ఉంచండి

పాసివ్ పద్ధతిలో జాబిక్స్ సర్వర్ వచ్చి ఏజెంట్‌ను అడుగుతుంది. దీనికి ఏజెంట్ ఉన్న మెషీన్‌లో 10050 పోర్ట్ తెరవాలి. యాక్టివ్ పద్ధతిలో ఏజెంటే వెళ్లి తనకు ఏం పని ఉందో కనుక్కుని, లెక్కలు తనే పంపుతుంది. ఇందుకు జాబిక్స్ సర్వర్ వైపు 10051 తెరిచి ఉండాలి.

ఫైర్‌వాల్ టీమ్ యాక్టివ్‌నే ఇష్టపడుతుంది, ఎందుకంటే టికెట్ సర్వర్ వైపు కొత్త పోర్ట్ తెరవక్కర్లేదు. లాగ్ ఫైళ్లను చదివించాలంటే ఎలాగూ యాక్టివ్ తప్పదు, లాగ్ ఐటమ్‌లు (లాగ్ చదివే చెక్‌లు) పాసివ్‌లో పనిచేయవు. కానీ ఏదైనా తేడా వచ్చినప్పుడు జాబిక్స్ సర్వర్ నుంచి ఒక్క ప్రశ్న వేసి వెంటనే జవాబు చూడాలంటే పాసివ్ దారి చాలా ఉపయోగం. అందుకే నా సలహా రెండూ ఉంచమనే. 10050ని మాత్రం జాబిక్స్ సర్వర్ ఐపీ ఒక్కదానికే తెరవండి. "అన్ని ఐపీలకూ తెరిచేద్దాం, తర్వాత బిగిద్దాం" అంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఇన్‌స్టాల్

ఉబుంటు రిపాజిటరీలో దొరికే ప్యాకేజీ పాత వెర్షన్ కావచ్చు. జాబిక్స్ వాళ్ల అధికారిక రిపాజిటరీని జోడించి అక్కడి నుంచే ఏజెంట్ 2 ప్యాకేజీ తెచ్చుకోండి. రెడ్‌హ్యాట్ కుటుంబం మెషీన్లయితే ఈపెల్ అనే అదనపు ప్యాకేజీల రిపాజిటరీలో కూడా జాబిక్స్ ప్యాకేజీలు ఉంటాయి. రెండూ కలిసిపోకుండా ఈపెల్ సెట్టింగ్‌లో జాబిక్స్ పేరుతో మొదలయ్యే ప్యాకేజీలను మినహాయించాలి. లేకపోతే ఏదో ఒక ప్యాచింగ్ రాత్రి వెర్షన్ మారిపోతుంది.

వెర్షన్ విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఏజెంట్ సర్వర్ కన్నా పాతదైనా ఫర్వాలేదు, కొత్తది కాకూడదు. ఇన్‌స్టాల్ అయ్యాక సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) సర్వీస్‌ను ఎనేబుల్ చేయడం మర్చిపోవద్దు. స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయకపోతే తర్వాతి రీబూట్ దాకానే బతుకుతుంది.

కాన్ఫిగరేషన్ ఫైల్

ఈటీసీ కింద జాబిక్స్ డైరెక్టరీలో ఏజెంట్ 2 కాన్ఫిగరేషన్ ఫైల్ ఉంటుంది. తెరవగానే వందల లైన్లు కనిపిస్తాయి. కంగారు పడక్కర్లేదు, చాలావరకు కామెంట్లే. మొదట మార్చాల్సినవి మూడు లైన్లు.

"సర్వర్" లైన్‌లో పాసివ్‌గా ఎవరు అడగొచ్చో వాళ్ల ఐపీ రాయాలి. "సర్వర్‌యాక్టివ్" లైన్‌లో యాక్టివ్ లెక్కలు ఎవరికి పంపాలో రాయాలి. మధ్యలో ప్రాక్సీ ఉంటే రెండు చోట్లా ప్రాక్సీ ఐపీయే. ఇక "హోస్ట్‌నేమ్". మామూలుగా దాంట్లో "జాబిక్స్ సర్వర్" అని రాసి వస్తుంది. దాన్ని అలాగే వదిలేయడం వల్ల యాక్టివ్ చెక్‌లు పనిచేయకపోవడం అందరికీ ఎదురయ్యే సమస్య. ఇక్కడ రాసిన పేరు, జాబిక్స్ వెబ్ పేజీలో హోస్ట్‌కు (కనిపెట్టే మెషీన్‌కు) పెట్టే పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఇంగ్లీషు స్మాల్, క్యాపిటల్ అక్షరాల తేడా కూడా తేడాయే. సరిపోలకపోతే ఏజెంట్ లాగ్‌లో "హోస్ట్ నాట్ ఫౌండ్" అని వస్తుంది.

మీరు సొంతంగా రాసుకునే చెక్‌లను మెయిన్ ఫైల్‌లో కలపకండి. పక్కనే ఉండే ఇన్‌క్లూడ్ డైరెక్టరీలో జీఎల్‌పీఐ పేరుతో వేరే ఫైల్ పెట్టండి. అప్‌గ్రేడ్ అప్పుడు ప్యాకేజీ మేనేజర్ "పాత ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా?" అని అడిగితే ఎవరో నిద్రమత్తులో కొత్తదే కొట్టినా మీ చెక్‌లు మిగులుతాయి.

దూరంగా కమాండ్లు నడిపించే సౌకర్యం మామూలుగా మూసే ఉంటుంది. అలాగే ఉంచండి. టికెట్ సర్వర్‌లో అందరి సమస్యలూ, కొన్నిసార్లు పాస్‌వర్డ్‌లూ రాసి ఉంటాయి. దాని మీద బయటి నుంచి ఏ కమాండైనా నడిపే తలుపు తెరవకూడదు.

ఎన్‌క్రిప్షన్

ఆఫీస్ నెట్‌వర్క్ లోపలే కదా అని వదిలేయకండి, ఇది పది నిమిషాల పని. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ర్యాండమ్ కమాండ్‌తో 32 బైట్ల కీ తయారు చేసి, ఒక ఫైల్‌లో పెట్టి, జాబిక్స్ యూజర్ తప్ప ఇంకెవరూ చదవకుండా పర్మిషన్లు బిగించండి. తర్వాత కాన్ఫిగరేషన్‌లో నాలుగు టీఎల్‌ఎస్ లైన్లు నింపాలి: కనెక్ట్, యాక్సెప్ట్ రెండింటికీ పీఎస్‌కే (రెండు వైపులా ముందే పంచుకున్న కీ) అని, ఆపైన కీ గుర్తింపు పేరు, కీ ఫైల్ దారి. జాబిక్స్ వెబ్ పేజీలో అదే హోస్ట్‌కు ఎన్‌క్రిప్షన్ ట్యాబ్‌లో ఇవే నింపాలి. గుర్తింపు పేరు నెట్‌వర్క్ మీద మామూలు అక్షరాల్లోనే వెళ్తుంది కాబట్టి అందులో రహస్యమేదీ పెట్టొద్దు.

హోస్ట్, టెంప్లేట్లు

వెబ్ పేజీలో హోస్ట్ సృష్టించి, లినక్స్ టెంప్లేట్ (రెడీమేడ్ చెక్‌ల కట్ట) తగిలించండి. అపాచీకి, పీహెచ్‌పీ ఎఫ్‌పీఎమ్‌కి, మైఎస్‌క్యూఎల్‌కి కూడా రెడీమేడ్ టెంప్లేట్లు ఉన్నాయి. మరియాడీబీకి మైఎస్‌క్యూఎల్ టెంప్లేటే సరిపోతుంది.

పీహెచ్‌పీ ఎఫ్‌పీఎమ్ విషయంలో పూల్ కాన్ఫిగరేషన్‌లో స్టేటస్ పాత్, పింగ్ పాత్ లైన్ల ముందున్న కామెంట్ గుర్తు తీసేయాలి. ఆ పేజీలు లోకల్‌హోస్ట్ నుంచి తప్ప తెరుచుకోకుండా అపాచీలో అడ్డుకట్ట వేయండి. ఇక్కడ కనిపెట్టాల్సిన అంకె "మ్యాక్స్ చిల్డ్రన్ రీచ్డ్", అంటే పీహెచ్‌పీ ప్రాసెస్‌ల గరిష్ఠ హద్దు ఎన్నిసార్లు తగిలిందో. సోమవారం పొద్దున్న పదింటికి అందరూ ఒకేసారి లాగిన్ అయి "పేజీ తిరుగుతూనే ఉంది" అంటుంటే, సీపీయూ కన్నా ముందు దీన్నే చూడండి.

డేటాబేస్‌లో మానిటరింగ్‌కంటూ వేరే యూజర్ కావాలి. జీఎల్‌పీఐ వాడే యూజర్‌నే ఇవ్వడం చెడ్డ అలవాటు. ఈ కొత్త యూజర్‌కు ప్రాసెస్, రెప్లికేషన్ క్లయింట్, షో డేటాబేసెస్, షో వ్యూ హక్కులు చాలు. డేటా మార్చే హక్కు ఒక్కటీ ఇవ్వక్కర్లేదు. మరియాడీబీ 10.5 నుంచి వచ్చిన వెర్షన్లలో రెప్లికేషన్ క్లయింట్ హక్కు బిన్‌లాగ్ మానిటర్ పేరుతో కనిపిస్తుంది, చూసి కంగారు పడొద్దు. రెప్లికా (డేటాబేస్ నకలు) ఉంటే స్లేవ్ మానిటర్ కూడా ఇవ్వాలి. డేటాబేస్‌లో నేమ్ రిజల్యూషన్ ఆపేసి ఉంటే లోకల్‌హోస్ట్ పేరుతో చేసిన యూజర్ టీసీపీ దారిలో లాగిన్ కాలేదు. అప్పుడు 127.0.0.1 పేరుతో యూజర్ చేయాలి. పాస్‌వర్డ్‌ను హోస్ట్ మ్యాక్రోలో (జాబిక్స్‌లో హోస్ట్‌కు రాసుకునే విలువ) పెట్టేటప్పుడు రకం "సీక్రెట్ టెక్స్ట్" అని ఎంచుకోండి.

డిస్క్ కోసం లినక్స్ టెంప్లేట్ సరిపోతుంది కానీ ఒక మార్పు చేయండి. జీఎల్‌పీఐలో టికెట్లకు జతచేసిన స్క్రీన్‌షాట్లన్నీ ఫైల్స్ డైరెక్టరీలోకి చేరతాయి. అది రూట్ పార్టిషన్‌లోనే ఉంటే, డిస్క్ నిండిన రోజు టికెట్ టూల్‌తో పాటు డేటాబేస్ కూడా ఆగుతుంది. వేరే పార్టిషన్ అడగండి. వెంటనే ఇవ్వకపోతే అలర్ట్ ముందే మోగేలా హద్దు అయినా తగ్గించండి.

అసలు పని: టూల్ లోపలికి చూడటం

ఇక్కడికి వచ్చేసరికి హోస్ట్ పక్కన పచ్చ గుర్తు వెలుగుతుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా, జీఎల్‌పీఐ గురించి ఏజెంట్‌కు ఇంకా ఏమీ తెలియదు.

జీఎల్‌పీఐలో వెనక నడిచే పనులను "ఆటోమేటిక్ యాక్షన్స్" అంటారు. మెయిల్‌బాక్స్ నుంచి మెయిల్స్ తెచ్చి టికెట్లు చేసేది "మెయిల్‌గేట్". యూజర్లకు వెళ్లాల్సిన నోటిఫికేషన్లను క్యూ నుంచి తీసి పంపేది "క్యూడ్ నోటిఫికేషన్". ముందు ఇవి ఏ మోడ్‌లో ఉన్నాయో చూడండి. "జీఎల్‌పీఐ" మోడ్ అయితే ఎవరో ఒకరు వెబ్ పేజీలు తెరుస్తుంటేనే ఆ పనులు కదులుతాయి. ఆదివారం ఎవరూ లాగిన్ కాకపోతే మెయిల్స్ అలాగే పడి ఉంటాయి. వాటిని "సీఎల్‌ఐ" మోడ్‌కు మార్చి, సర్వర్ క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే లినక్స్ సౌకర్యం) నిమిషానికోసారి జీఎల్‌పీఐ క్రాన్ ఫైల్ నడిచేలా పెట్టండి. ఈ మార్పు చేయకుండా మానిటరింగ్ పెడితే వారాంతమంతా తప్పుడు అలర్ట్‌లే.

తర్వాత ఏజెంట్ చేత డేటాబేస్‌ను అడిగించాలి. ఇందుకు "యూజర్ పారామీటర్" అనే సౌకర్యం ఉంది. ఒక కీ పేరు, దాని పక్కన నడపాల్సిన కమాండ్, అంతే. ముందుగా ఇంకో డేటాబేస్ యూజర్ చేసి, క్రాన్‌టాస్క్‌ల టేబుల్, క్యూడ్ నోటిఫికేషన్ల టేబుల్ చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో రాయొద్దు, ప్రాసెస్ లిస్ట్‌లో అందరికీ కనబడుతుంది. జాబిక్స్ యూజర్ మాత్రమే చదవగల చిన్న ఆప్షన్ ఫైల్‌లో పెట్టి, క్లయింట్‌కు ఆ ఫైల్ చూపించండి. ఆ ఫైల్‌ను చూపించే ఆప్షన్ కమాండ్‌లో అన్నిటికన్నా ముందు ఉండాలి, లేకపోతే క్లయింట్ దాన్ని ఒప్పుకోదు.

మొదటి ప్రశ్న: మెయిల్‌గేట్ చివరిసారి నడిచి ఎన్ని సెకన్లైంది? క్రాన్‌టాస్క్‌ల టేబుల్‌లో "లాస్ట్‌రన్" కాలమ్‌కూ ఇప్పటి సమయానికీ తేడా అడిగితే చాలు. అది 10 నిమిషాలకోసారి నడిచేలా పెట్టి ఉంటే అరగంట దాటినప్పుడు అలర్ట్ పెట్టండి. ఒక్కసారి ఆలస్యమైనందుకు ఎవరినీ నిద్ర లేపక్కర్లేదు. ఇక్కడ మన దేశంలో కాచుకోవాల్సిన తిరకాసు ఒకటుంది. పీహెచ్‌పీ భారత సమయంలో, డేటాబేస్ యూటీసీలో ఉంటే తేడా మైనస్ 19,800 దగ్గర కనిపించవచ్చు. అంటే అయిదున్నర గంటలు. అంకె మైనస్ నుంచి ఎక్కి హద్దు దాటడానికి మెయిల్‌గేట్ ఆగాక ఆరు గంటల దాకా పడుతుంది, అలర్ట్ అంత ఆలస్యంగా మోగుతుంది. ముందు టైమ్‌జోన్లు సరిచేయండి.

రెండో ప్రశ్న: పంపకుండా మిగిలిన నోటిఫికేషన్లు ఎన్ని? క్యూడ్ నోటిఫికేషన్ల టేబుల్‌లో "ఈజ్ డిలీటెడ్" సున్నాగా ఉన్న వరుసల లెక్క. అంకె పెద్దదైనంత మాత్రాన తప్పేమీ లేదు. ఒకేసారి వందమందికి అనౌన్స్‌మెంట్ వెళ్తే క్యూ పెరిగి తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతూనే ఉంటే మెయిల్ సర్వర్ దగ్గర ఏదో అడ్డుపడిందని అర్థం. కాబట్టి ట్రిగర్‌లో (అలర్ట్ ఎప్పుడు మోగాలో చెప్పే షరతు) చివరి అంకె కాకుండా, పావుగంటలో అన్నిటికన్నా తక్కువగా నమోదైన అంకెను చూడండి. అదే హద్దు దాటిందంటే క్యూ నిజంగానే ఇరుక్కుంది.

మూడోది కొంచెం మోసకారిది. మెయిల్‌గేట్ టైముకు నడుస్తుంది, కానీ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ మారిపోయి ఒక్క మెయిల్ కూడా తేలేకపోతుంది. లాస్ట్‌రన్ చూస్తే అంతా బాగున్నట్టే. మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ నుంచి ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్‌లో పాత పద్ధతి లాగిన్‌లను ఆపేయడం మొదలుపెట్టింది. మామూలు పాస్‌వర్డ్‌తో మెయిల్స్ తెచ్చుకునే టూల్స్ అన్నిటికీ అది తగిలింది. ఇలాంటిది పట్టుకోవడానికి జీఎల్‌పీఐ కన్సోల్‌లో "సిస్టమ్ స్టేటస్" కమాండ్ ఉంది. డేటాబేస్, ఎల్‌డ్యాప్ (యూజర్ల డైరెక్టరీ), మెయిల్ కలెక్టర్లు, క్రాన్ పనులు ఎలా ఉన్నాయో అది చెబుతుంది.

దానికి తోడు ఇంకో మొరటు చెక్ పెట్టుకోమంటాను: మెయిల్ ద్వారా వచ్చిన చివరి టికెట్ వయసు ఎంత? పనిదినాల్లో పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు మధ్య రెండు గంటలుగా ఒక్కటీ రాకపోతే ఒక వార్నింగ్. టికెట్ల టేబుల్ చదివే హక్కు అంటే సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మరియాడీబీలో కాలమ్ వరకే హక్కు ఇవ్వొచ్చు. సృష్టించిన తేదీ, టికెట్ వచ్చిన మార్గం, ఈ రెండు కాలమ్‌లు ఇస్తే చాలు. గంటకో టెస్ట్ మెయిల్ పంపి టికెట్ అయిందో లేదో చూసే పద్ధతి కూడా ఉంది. కానీ అది డమ్మీ టికెట్లతో ఎస్‌ఎల్‌ఏ (ఇంత సమయంలో పరిష్కరిస్తామన్న హామీ) రిపోర్టులను పాడుచేస్తుంది. నాకది నచ్చదు.

లాగ్‌ల సంగతి. జీఎల్‌పీఐ లాగ్ డైరెక్టరీలో పీహెచ్‌పీ ఎర్రర్లు, ఎస్‌క్యూఎల్ ఎర్రర్లు వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి. జాబిక్స్ యూజర్‌కు ఆ డైరెక్టరీని ఏసీఎల్ (ఒక్కో యూజర్‌కు విడిగా హక్కులిచ్చే జాబితా) ద్వారా చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. ప్రతి వార్నింగ్‌కూ అలర్ట్ పెడితే రెండో రోజుకే ఎవరూ పట్టించుకోరు. ఎస్‌క్యూఎల్ ఎర్రర్లకు, మెమరీ చాలక ఆగిన పీహెచ్‌పీ ఎర్రర్లకు పెడితే చాలు.

ఇవన్నీ రాశాక ఏజెంట్‌ను రీస్టార్ట్ చేసి, ఏజెంట్ టెస్ట్ ఆప్షన్‌తో ఒక్కో కీని పరీక్షించండి. రూట్‌గా కాదు, సూడోతో జాబిక్స్ యూజర్‌గా మారి పరీక్షించాలి. రూట్‌గా అన్నీ పనిచేస్తాయి, నిజంగా నడిచేటప్పుడు పర్మిషన్ ఎర్రర్లు వస్తాయి. తర్వాత జాబిక్స్ సర్వర్ నుంచి జాబిక్స్ గెట్ కమాండ్‌తో అదే కీ అడగండి. పీఎస్‌కే పెట్టారు కాబట్టి ఆ కమాండ్‌కు కూడా కీ వివరాలు ఇవ్వాలి.

బయటి నుంచి కూడా ఒక కన్ను

ఏజెంట్ సర్వర్ లోపలే కూర్చుంటుంది కాబట్టి యూజర్ దారిలో ఏముందో దానికి తెలియదు. జాబిక్స్ సర్వర్ నుంచి ఒక వెబ్ సినారియో పెట్టి, లాగిన్ పేజీ తెరిచి, అందులో ఉండాల్సిన మాట ఉందో లేదో చూడమనండి. సైట్ హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ గడువును ఏజెంట్ 2 చూడగలదు, దానికీ టెంప్లేట్ ఉంది. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులే, 2029 మార్చికల్లా 47 రోజులకు వస్తుంది. ఏడాదికోసారి క్యాలెండర్‌లో రాసుకునే పద్ధతి ఇక కుదరదు.

అలర్ట్ ఏ దారిలో రావాలి

జాబిక్స్‌లో జీఎల్‌పీఐకి నేరుగా టికెట్ పెట్టే వెబ్‌హుక్ ఉంది. మిగతా సర్వర్లన్నిటికీ అది మంచిదే. జీఎల్‌పీఐ సర్వర్ అలర్ట్‌లను మాత్రం దాని మీదికి వదలకండి, మంచాన పడ్డవాణ్ణే డాక్టర్‌ని పిలుచుకు రమ్మన్నట్టు ఉంటుంది. జీఎల్‌పీఐకి తన పనులు ఇరుక్కుపోయాయేమో చూసే "వాచర్" అనే సొంత యాక్షన్ ఉంది, కానీ దాని హెచ్చరిక కూడా అదే నోటిఫికేషన్ క్యూలోంచే వెళ్లాలి. కంపెనీ మెయిల్ సర్వర్‌ను కూడా ఒక్కదాన్నే నమ్మొద్దు. ఈ ఒక్క హోస్ట్‌కు జాబిక్స్‌లో వేరే యాక్షన్ (అలర్ట్ ఎవరికి, ఏ దారిలో పంపాలో చెప్పే నియమం) రాసి, టెలిగ్రామ్ లేదా ఎస్‌ఎమ్‌ఎస్ దారి పెట్టండి. మొదటి మెసేజ్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకు, 15 నిమిషాల్లో ఎవరూ అక్నాలెడ్జ్ చేయకపోతే లీడ్‌కు.

హైదరాబాద్ నుంచి అమెరికా షిఫ్ట్ చూసేవాళ్లకు ఒక మాట. మెయింటెనెన్స్ విండోను అక్కడి క్లయింట్ తన టైములో చెబుతాడు. మార్చిలో, నవంబర్‌లో అక్కడ గడియారం మారినప్పుడు మనకు అది ఒక గంట జరుగుతుంది. జాబిక్స్‌లో మెయింటెనెన్స్ పీరియడ్ పెట్టినవాళ్లు ఆ రెండు నెలల్లో దాన్ని మళ్లీ చూసుకోకపోతే ప్యాచింగ్ మధ్యలో అలర్ట్‌లు మోగుతాయి. విండో పెట్టేటప్పుడు "డేటా సేకరణతో" అన్నదే ఎంచుకోండి, అలర్ట్‌లు ఆగినా గ్రాఫులు తెగవు.

చివరగా, కావాలని చెడగొట్టండి

హ్యాండోవర్‌కు ముందు, చేంజ్ విండోలో, అందరికీ చెప్పి, జీఎల్‌పీఐ క్రాన్ లైన్‌ను కామెంట్ చేయండి. అరగంట ఆగండి. ఫోన్‌కు మెసేజ్ రావాలి. ఎవరూ ముట్టుకోకుండా ఇంకో పావుగంట ఉంటే లీడ్ ఫోన్ కూడా మోగాలి. రాకపోతే ట్రిగర్ కాదు, ముందు జాబిక్స్ యాక్షన్ లాగ్ చూడండి. మెసేజ్ పంపడానికి ప్రయత్నించిందా, పంపేటప్పుడు ఫెయిలయిందా అక్కడే తెలుస్తుంది. తర్వాత ఏజెంట్ సర్వీస్‌ను ఆపి, "డేటా రావడం లేదు" అనే ట్రిగర్ పలుకుతుందో లేదో చూడండి. రెండూ వచ్చాక క్రాన్ లైన్ తిరిగి తెరిచి, ఏజెంట్‌ను స్టార్ట్ చేసి, ఆగిన మెయిల్స్ టికెట్లుగా మారాయో లేదో లెక్క చూసుకుని, రికవరీ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లను చేంజ్ రికార్డుకు జత చేసి మూసేయండి.